లాకీషు పడిపోయింది, యెరూషలేము నిలిచింది

(రేడియో ప్రసంగ పాఠం)

  బైబిలు దగ్గరున్నవారు రాజుల రెండవ గ్రంథం 18, 19 అధ్యాయాలు తెరచి పెట్టుకోండి. పొలంలోనో, బస్సులోనో ఉండి వింటున్నవారు విని, ఇంటికి వెళ్ళాక చదువుకోండి. రెండు అధ్యాయాలూ చదవాలి. 19వ అధ్యాయం మాత్రమే చదివి సంతోషించేవారు మన మధ్య చాలామంది ఉన్నారు. అది తేనె పట్టు మాత్రం చూసి, ఎక్కవలసిన చెట్టును మరచిపోవడం లాంటిది.

ఈ రోజు మన అంశం దేవుని కాపుదల. దేవుడు తన ప్రజలను కాపాడతాడు అనే మాట మనందరికీ తెలిసినదే. క్యాలెండర్ల మీద, ఆటోల వెనుక, వాగ్దాన కార్డుల మీద 91వ కీర్తన కనబడుతూనే ఉంటుంది. అయితే బైబిలు ఆ కాపుదలను ఎలా చూపిస్తుందో ఒక్క సంఘటనలో నిదానంగా చూద్దాం. అది హిజ్కియా రాజు దినాలలో, క్రీస్తు పూర్వం 701వ సంవత్సరంలో జరిగింది.

ముందు ఆ కాలపు పరిస్థితి గమనించండి. అష్షూరు అంటే ఆనాడు ప్రపంచాన్ని వణికించిన సామ్రాజ్యం. దాని పట్టణం నీనెవె. ఉత్తర దేశమైన ఇశ్రాయేలును, షోమ్రోను పట్టణాన్ని అష్షూరు సుమారు 20 సంవత్సరాల ముందే నేలమట్టం చేసి, జనాన్ని చెరపట్టుకుపోయింది. మిగిలింది దక్షిణాన ఉన్న చిన్న యూదా. హిజ్కియా తండ్రి ఆహాజు అష్షూరుకు కప్పం కట్టి బ్రతికాడు. హిజ్కియా ఆ కాడి తీసి పారేశాడు. విగ్రహాలను పడగొట్టించాడు, దేవుని మందిరం తలుపులు తెరిపించాడు. అతనికి ముందూ వెనుకా యూదాలో అతనిలా దేవుని నమ్మిన రాజు లేడని లేఖనమే సాక్ష్యమిస్తోంది. అంతటి మంచి రాజు ఏలుబడిలో, 14వ సంవత్సరాన, సన్హెరీబు దండెత్తి వచ్చాడు.

వచ్చి ఏం చేశాడు? 18వ అధ్యాయం 13వ వచనం ఒక్క ముక్కలో చెబుతుంది: యూదాలోని ప్రాకారాలుగల పట్టణాలన్నిటినీ పట్టుకున్నాడు. మనం ఆ వచనం మీదుగా గబగబా వెళ్ళిపోతాం. ఈ రోజు వెళ్ళవద్దు, అక్కడే కాసేపు నిలబడదాం. సన్హెరీబు తన విజయాలను మట్టితో చేసిన ఆరు ముఖాల దిమ్మె మీద వ్రాయించుకున్నాడు. అది 1830లో నీనెవె శిథిలాలలో దొరికింది, ఇప్పుడు లండనులోని బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. యూదాలో ప్రాకారాలున్న 46 పట్టణాలు పట్టుకున్నాననీ, 2,00,150 మందిని బయటికి తోలుకువచ్చాననీ అందులో లెక్క చెప్పుకున్నాడు. రాజుల ప్రగల్భాలలో ఎంత నిజం ఉంటుందో దేవునికే ఎరుక, గాని పట్టణాలు పడిపోయిన సంగతి మాత్రం బైబిలూ చెబుతోంది, ఆ మట్టి దిమ్మె కూడా చెబుతోంది.

ఆ పట్టణాలలో పెద్దది లాకీషు. యెరూషలేముకు నైరుతి దిక్కున సుమారు 40 కిలోమీటర్లు. దాన్ని పట్టుకున్నందుకు సన్హెరీబు ఎంత మురిసిపోయాడంటే, నీనెవెలోని తన నగరులో ఒక గది గోడల నిండా లాకీషు ముట్టడిని రాతిపలకల మీద చెక్కించుకున్నాడు. ఆ పలకలు కూడా అదే మ్యూజియంలో ఉన్నాయి. గోడకు ఆనించి కట్టిన ముట్టడి దిబ్బ, దాని మీదికి ఎక్కుతున్న యంత్రాలు, పైనుండి రాళ్ళు, దివిటీలు విసురుతున్న యూదా మనుష్యులు కనిపిస్తారు. మరోచోట మూటాముల్లె కట్టుకొని ఎడ్లబండ్ల మీద చెరకు పోతున్న కుటుంబాలు. బండి మీద స్త్రీలు, పసిపిల్లలు. రాజు సింహాసనం మీద కూర్చుని చూస్తున్నాడు. ఆ ముట్టడి దిబ్బ నేటికీ లాకీషు దగ్గర ఉంది, తవ్వకాలలో బయటపడింది.

ప్రియులారా, ఆ బండి మీద కూర్చున్న తల్లులు కూడా దేవుని ప్రజలే. ఈ మాట జ్ఞాపకం పెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తాం.

ఇప్పుడు హిజ్కియా ఏం చేశాడు? మొదట ప్రార్థన చేశాడని మీరు అనుకుంటున్నారేమో. లేదు. మొదట డబ్బు పంపాడు. తప్పు నాదే, నీవు ఎంత వేస్తే అంత కడతాను, వెళ్ళిపో అని కబురు చేశాడు. మూల భాషలో 300 తలాంతుల వెండి, 30 తలాంతుల బంగారం అని ఉంది. మన తెలుగు బైబిలు దాన్ని మణుగులలో చెబుతుంది. సన్హెరీబు మట్టి దిమ్మెలో కూడా బంగారం లెక్క 30 తలాంతులే. వెండి మాత్రం 800 అని వ్రాయించుకున్నాడు. ఈ సొమ్ము కోసం హిజ్కియా మందిరపు ఖజానా ఖాళీ చేశాడు. తాను స్వయంగా బంగారు రేకు తాపించిన మందిరపు తలుపులనుండి ఆ రేకును తానే ఊడదీయించాడు. ఒకప్పుడు తలుపులు తెరిపించిన చేయి ఇప్పుడు తలుపులు ఒలుస్తోంది. మంచి విశ్వాసికి కూడా భయం వస్తే చేతులు ఎక్కడికి పోతాయో చూడండి. సన్హెరీబు ఆ బంగారం పుచ్చుకున్నాడు. పుచ్చుకుని సైన్యాన్ని కూడా పంపించాడు.

ఆ సైన్యంతో వచ్చినవాడు రబ్షాకే. ఇది మనిషి పేరు కాదు, అష్షూరు కొలువులో పెద్ద అధికారి పదవి. వాడు చాకిరేవు మార్గంలో, మెరక కొలను కాలువ దగ్గర నిలబడి చేసిన ప్రసంగం చదివితే, సాతాను మనతో ఎలా మాట్లాడతాడో తెలుస్తుంది. వాడు అన్నీ అబద్ధాలే చెప్పలేదు, అదే ప్రమాదం. ఐగుప్తును నమ్ముకోవడం నలిగిన రెల్లుకర్ర మీద ఆనుకోవడమే అన్నాడు. అది నిజమే, యెషయా ప్రవక్త కూడా ఐగుప్తును నమ్మవద్దనే చెప్పాడు. రెండు వేల గుర్రాలిస్తాను, ఎక్కడానికి మీ దగ్గర రౌతులున్నారా అని ఎగతాళి చేశాడు. లేరన్నదీ నిజమే. మీ దేవుని బలిపీఠాలను హిజ్కియా పడగొట్టాడు గదా, ఇక ఆయన మిమ్మల్ని ఎందుకు కాపాడతాడు అన్నాడు. ఇది మాత్రం మెలిక. మంచి పని చేసినందుకే నీకు ఈ కష్టం వచ్చిందని చెప్పే గొంతు అది. చివరికి, మీ దేవుడే నన్ను పంపాడు అని కూడా అనేశాడు.

ఇవన్నీ హెబ్రీ భాషలో, గోడ మీద ఉన్న సామాన్య జనానికి వినబడేలా అన్నాడు. ఎల్యాకీము, షెబ్నా, యోవాహు అనే ముగ్గురు అధికారులు బ్రతిమాలారు: అయ్యా, సిరియా భాష మాకు తెలుసు, అందులో మాట్లాడండి. వాడు ఇంకా గొంతు పెంచాడు. చుట్టూ ఉన్న దేశాల దేవుళ్ళలో ఎవరు తమ జనాన్ని కాపాడగలిగారు అని హమాతు, అర్పాదు, షోమ్రోను పేర్లు ఏకరువు పెట్టాడు. జనం ఒక్క మాట బదులు పలకలేదు, రాజాజ్ఞ అలా ఉంది. కొన్ని మాటలకు జవాబు చెప్పకుండా ఊరకుండటమే విశ్వాసం.

ఇక్కడ ఒక చిన్న సంగతి చెప్పి ముందుకు వెళ్తాను. హిజ్కియా ఆ దినాలలో చేతులు ముడుచుకుని కూర్చోలేదు. యెరూషలేముకు నీళ్ళిచ్చే గీహోను ఊట పట్టణం తూర్పున లోయ అంచున ఉంది. శత్రువుకు నీళ్ళు దొరకకూడదు, లోపలివారికి కొరత రాకూడదు. అందుకని కొండను తొలిచి ఆ నీళ్ళను లోపలికి మళ్ళించాడు. రాజుల రెండవ గ్రంథం 20:20లోనూ, దినవృత్తాంతముల రెండవ గ్రంథం 32వ అధ్యాయంలోనూ ఇది ఉంది. ఆ సొరంగం పొడవు 533 మీటర్లు. రెండు వైపులనుండి తవ్వుతూ వచ్చి మధ్యలో కలుసుకున్నారు. ఇంత పొడవుకూ వాలు సుమారు ఒక అడుగు మాత్రమే. అయినా నీరు నేటికీ పారుతోంది. అవతలివారి కేకలు వినబడగా పనివారు ఒకరికొకరు ఎదురెదురుగా తవ్వి కలిసిన సంగతి ఆ గోడ మీదే చెక్కి ఉంది. 1880లో కొలనులో ఆడుకుంటున్న పిల్లల కంట ఆ అక్షరాలు పడ్డాయి. ఇప్పుడు ఆ రాయి ఇస్తాంబులు మ్యూజియంలో ఉంది.

ప్రార్థన చేసేవాడు సొరంగం తవ్వవచ్చా? తవ్వవచ్చు. ఆసుపత్రికి వెళ్తే అవిశ్వాసం అని, మందు మింగితే దేవునికి కోపం అని బోధించేవారు ఈ గునపం దెబ్బల శబ్దం కాస్త వినాలి. తవ్వినందుకు దేవుడు హిజ్కియాను గద్దించలేదు. యెషయా 22వ అధ్యాయంలో ఒక గద్దింపు ఉంది, అది వేరే విషయానికి. ఇళ్ళు లెక్కపెట్టారు, గోడకు రాళ్ళ కోసం కొన్ని ఇళ్ళు పడగొట్టారు, రెండు గోడల మధ్య నీళ్ళు నిలిపారు, కాని ఇదంతా ఎంతోకాలం క్రితమే సంకల్పించిన దేవునివైపు కన్నెత్తి చూడలేదు అని ప్రవక్త దుఃఖం.

ఆ చూపు చివరికి తిరిగిన రోజు 19వ అధ్యాయంలో ఉంది. సన్హెరీబు అప్పటికి లిబ్నా మీద యుద్ధం చేస్తున్నాడు. కూషు రాజైన తిర్హాకా వస్తున్నాడని విని, తొందరగా పని ముగించాలని హిజ్కియాకు ఒక ఉత్తరం పంపాడు. నీ దేవుడు నిన్ను మోసం చేస్తున్నాడు, మోసపోకు అని దాని సారాంశం. హిజ్కియా చదివాడు. చదివి ఈసారి ఖజానాకు వెళ్ళలేదు. మందిరానికి వెళ్ళి ఆ ఉత్తరాన్ని దేవుని ఎదుట విప్పి పరిచాడు. అప్పు నోటీసు వస్తేనో, డాక్టరు రిపోర్టు చేతికి వస్తేనో మనం నలిపి జేబులో పెట్టుకుంటాం, ఇంట్లోవాళ్ళకు కూడా చూపించం. ఇతను పరిచాడు.

అతని ప్రార్థనలో నాకు ఎంతో ఇష్టమైన మాట ఒకటుంది. ప్రభువా, అష్షూరు రాజులు ఆ జనాలను పాడుచేసిన మాట నిజమే అని ఒప్పుకున్నాడు. శత్రువు చెప్పినదంతా అబద్ధం, నేను స్వీకరించను అని కళ్ళు మూసుకోలేదు. లాకీషు పడింది, ఇశ్రాయేలు పోయింది, ఇది నిజమే. అయితే ఆ దేశాల దేవుళ్ళు చేతిపని, కర్ర, రాయి. నీవు మాత్రం ఆకాశాన్నీ భూమినీ కలుగజేసినవాడవు. మమ్మల్ని రక్షించు, నీవే దేవుడవని లోకరాజ్యాలన్నీ తెలుసుకోవాలి. అంతే, ఎంత చిన్న ప్రార్థనో చూడండి.

ఆ రాత్రి యెహోవా దూత బయలుదేరి అష్షూరు దండులో 1,85,000 మందిని మొత్తాడు. తెల్లవారి లేచి చూస్తే శవాలు. ఎలా జరిగింది, తెగులా, మరేదైనానా అని కొందరు తర్కిస్తారు. లేఖనం ఆ సంగతి చెప్పలేదు గనుక నేనూ చెప్పను. సన్హెరీబు నీనెవెకు తిరిగిపోయాడు. క్రీస్తు పూర్వం 681లో, తన దేవుడైన నిస్రోకు గుడిలో మ్రొక్కుతుండగా, సొంత కుమారులే అతన్ని కత్తితో చంపారు. హిజ్కియా దేవుడు కాపాడలేడని చెప్పినవాడిని అతని దేవుడు తన గుడిలోనే కాపాడలేకపోయాడు.

మరి ఆ మట్టి దిమ్మె ఏమంటుంది? పంజరంలో పిట్టను పెట్టినట్టు హిజ్కియాను యెరూషలేములో బంధించానని గొప్ప చెప్పుకుంటుంది. సరే, బంధించావు, తరువాత? పట్టుకున్నానని లేదు. కప్పం లెక్క చెప్పి ఊరుకుంటుంది. లాకీషుకు గది నిండా బొమ్మలు ఉన్నాయి. యెరూషలేము పడిన బొమ్మ ఏ గోడ మీదా లేదు.

మంచిది. ఇక్కడితో ఆపి హల్లెలూయా చెప్పి ముగించవచ్చు. అయితే మాకు వచ్చిన ఒక ఉత్తరం నన్ను ముగించనివ్వడం లేదు. సముద్రతీరపు గ్రామంనుండి ఒక సహోదరి వ్రాసింది, పేరూ ఊరూ చెప్పను. ఆమె భర్త, మరిది ఒకే బోటులో వేటకు వెళ్ళారు. గాలివానలో బోటు తిరగబడింది. మరిది చెక్క పట్టుకుని ఒడ్డు చేరాడు, భర్త రాలేదు. తరువాతి ఆదివారం మందిరంలో తోడికోడలు నిలబడి, మేము దేవుని రెక్కల నీడలో ఉన్నాం గనుక నా భర్త తిరిగి వచ్చాడు అని సాక్ష్యం చెప్పింది. సంఘమంతా చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్ల మధ్య ఈమె కూడా కూర్చుని ఉంది. అయ్యగారూ, మరి మేము ఎవరి నీడలో ఉన్నాం అని అడుగుతోంది.

అమ్మా, నీ ప్రశ్న లాకీషు బండి మీద కూర్చున్న తల్లి ప్రశ్నే. లాకీషువారు యెరూషలేమువారికంటే పాపులా? బైబిలు అలా చెప్పదు. నిజానికి పాపం గురించి గట్టిగా గద్దింపు విన్నది యెరూషలేమే. గద్దించినది మీకా ప్రవక్త. అతని ఊరు మోరెషెతు, యూదా పల్లపు నాడులో లాకీషు వైపునే ఉంది. మీకా 1వ అధ్యాయంలో చెప్పులు లేకుండా, ఒంటిమీద బట్ట లేకుండా ఏడుస్తానంటూ అతను పేర్కొన్న ఊళ్ళ వరుసలో లాకీషు ఉంది, అతని సొంత ఊరి పేరూ ఉంది. అతని బోధ విని హిజ్కియా దేవునికి భయపడి ఆయన దయ వేడుకున్నాడని, అందుకే దేవుడు కీడు చేయక మానాడని యిర్మీయా 26వ అధ్యాయం చెబుతుంది. అంటే యెరూషలేము నిలవడానికి కారణమైన వాక్యం తెచ్చినవాడు, తన సొంత నాడు కోసం ఏడ్చిన మనిషి. ఆయనకు దేవుడు లేడని అనగలమా?

ఇంకొక మాట విను తల్లీ. హిజ్కియా సొరంగపు నీళ్ళు వచ్చి చేరే చోటే సిలోయము. అక్కడే యేసుప్రభువు దినాలలో ఒక గోపురం కూలి 18 మంది చచ్చిపోయారు, లూకా 13వ అధ్యాయంలో ఉంది. వారు మిగతా యెరూషలేమువారికంటే ఎక్కువ పాపులా అని ప్రభువే అడిగి, కాదని తానే జవాబిచ్చాడు. కాపుదలకు గుర్తుగా నిలిచిన నీళ్ళ పక్కనే ఆ గోపురం పడింది. అపొస్తలుల కార్యములు 12లో చూస్తే, ఒకే హేరోదు చేతిలో యాకోబు కత్తివాత పడ్డాడు, పేతురును దూత చెర విడిపించాడు. సంఘం యాకోబును తక్కువగా ప్రేమించిందా? ప్రభువు తక్కువగా ప్రేమించాడా? లేదు. ఎందుకు ఒకరిని అలా, ఒకరిని ఇలా అంటే, లూకా అక్కడ కారణం వ్రాయలేదు. లేని కారణాన్ని నేను కల్పించి నీ పుండు మీద కారం చల్లను. నీ భర్త ప్రభువుకు చెందినవాడైతే, సముద్రం అతన్ని ఆయన చేతిలోనుండి లాక్కోలేదు. రోమా 8లో పౌలు క్రీస్తు ప్రేమనుండి మనలను ఎడబాపలేని వాటి జాబితా వ్రాస్తూ కరవును, ఖడ్గాన్ని కూడా చేర్చాడు. మనకు తగలని వాటి జాబితా కాదది, తగిలినా ఎడబాపలేని వాటి జాబితా.

సాక్ష్యం చెప్పేవారికి కూడా ఒక మనవి. దేవుడు మిమ్మల్ని కాపాడితే తప్పక చెప్పండి, ఆయనకు మహిమ ఇవ్వండి. అయితే దేవుడు దయ చూపాడు అని చెప్పండి, మేము ఇలా ఉన్నాం గనుక చూపాడు అనే ఆ 'గనుక' వద్దు. మందిరంలో మీ పక్కన ఎవరు కూర్చున్నారో ఒకసారి చూసుకుని నోరు తెరవండి.

ఆ 'గనుక'తోనే యెరూషలేము కూడా పాడైంది. హిజ్కియా తరువాత సుమారు నూరేళ్ళకు జనం, దేవుని మందిరం మాలో ఉంది గనుక మాకేమీ కాదు అని తాయెత్తు కట్టుకున్నట్టు ధైర్యంగా ఉన్నారు. అన్యాయం మానలేదు, విధవరాండ్రను బాధించడం మానలేదు. ఈ మందిరం పేరు మాటిమాటికీ వల్లించి మోసపోవద్దని యిర్మీయా 7వ అధ్యాయంలో గుమ్మం దగ్గర నిలబడి అరిచాడు. వినలేదు. క్రీస్తు పూర్వం 586లో బబులోనువారు వచ్చి ఆ మందిరాన్నే కాల్చివేశారు. 91వ కీర్తనను యేసుప్రభువుకు మందిర శిఖరం మీద వినిపించింది ఎవరో కూడా మత్తయి 4లో చదవండి. వాగ్దానం అదే, దాన్ని పట్టుకొచ్చినవాడు సాతాను. ప్రభువు దూకలేదు.

ఇంకా ఒక వచనం మిగిలింది, దాన్ని చాలామంది దాటేస్తారు. రైతులు జాగ్రత్తగా వినండి. విడుదల కలుగుతుందని యెషయా ద్వారా దేవుడు చెప్పినప్పుడు ఒక సూచన ఇచ్చాడు, 19:29. ఈ సంవత్సరం దానంతట అదే మొలిచినది తింటారు, రెండో ఏడు కూడా అలా పెరిగినదే, మూడో ఏట విత్తనం వేసి కోస్తారు, తోటలు నాటి పండ్లు తింటారు. అంటే ఏమిటి? శత్రువు ఒక్క రాత్రిలో పోయాడు, పొలం మాత్రం ఒక్క రాత్రిలో బాగుపడలేదు. సేద్యం ఆగిపోయింది, చేలు తొక్కబడ్డాయి. రెండేళ్ళు రాలు గింజల మొలకలే కంచంలోకి. కాపాడబడిన జనం రెండేళ్ళు అరకడుపుతో, అయినా ఆకలితో చావకుండా బ్రతికారు. తుఫానులో చేను మునిగినవారికి ఈ లెక్క నేను విడమరచి చెప్పనక్కరలేదు. మూడో ఏటికి మళ్ళీ అరక కట్టారు.

వచ్చే వారం దేవుని చిత్తమైతే 20వ అధ్యాయంలో హిజ్కియా రోగాన్ని గురించి ధ్యానిద్దాం. ఇప్పుడు మీరున్న చోటే తలలు వంచండి, ప్రార్థించుకుందాం.

పరలోకమందున్న మా తండ్రీ, ఈ పూట చేతిలో ఏదో ఒక ఉత్తరం పెట్టుకుని భయపడుతున్న ప్రతి బిడ్డనూ నీవు చూస్తున్నావు. దాన్ని నీ ఎదుట పరచడానికి వారికి ధైర్యమివ్వు. వేటకు వెళ్ళి తిరిగి రాని వారి ఇళ్ళలో ఈ రాత్రి ఉండు తండ్రీ, ఆ పిల్లలకు అన్నం పెట్టు. తిరిగి వచ్చినవారిని ఆ ఇళ్ళకు పంపు. రెండో ఏడు గడుపుతున్నవారికి విత్తనాలు దయచేయి. యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ. ఆమేన్.